ఉప్పుకడలి నడుమ మంచినీటి పురుగులు

రాజ్యములకును రాజవంశములకును చరిత్ర కలదని నిస్సంశయముగా అంగీకరించువారు సయితము, పురుగునకు చరిత్ర కలదన్నచో చిరునవ్వు నవ్వుదురు. దానికి శాసనము లేదు, కైఫీయతు లేదు, వంశావళి చదివెడి భట్రాజు లేడు. అయినను, సముద్రగర్భమున అగ్నిపర్వతము బ్రద్దలై, కరగిన శిల పేరుకొని పేరుకొని నీటిపైకి తలయెత్తగా ఏర్పడిన యొక ద్వీపమున, ఏటి యొడ్డు రాతిపై ఒక తూనీగ వ్రాలియుండుట చూచినపుడు, అది అచ్చటి కెట్లు వచ్చెనన్న ప్రశ్నకు చరిత్ర తప్ప మరియేదియు సమాధానము చెప్పజాలదు. అట్టి ద్వీపము ఏ ఖండమునుండియు తెగి వచ్చినది కాదు. పుట్టిననాడు దానిపై గడ్డిపోచ లేదు. నేడు దానిపై నున్న ప్రతి ప్రాణియు ఎన్నడో యొకనాడు కడలి దాటి వచ్చినదాని సంతతియే. పక్షులు ఎగిరి వచ్చినవనుట సులభము. విత్తనములు అలలపై తేలియో, పిట్టల కడుపులలో దాగియో వచ్చినవనుటయు సులభమే. కాని నీటిలో గ్రుడ్డు పగిలి, నీటిలోనే పెరిగి, రెక్కలు వచ్చిన పిమ్మట కొలదికాలము మాత్రము గాలిలో విహరించెడి పురుగు, తన పిల్లలకు విషప్రాయమైన ఉప్పునీటిని వేలకొలది మైళ్లు దాటి, ఆవలిగట్టున గ్రుడ్లు పెట్టుటకు చాలినంత మంచినీటిని వెదకికొని వంశము నిలుపుకొన్నదన్న వృత్తాంతము, పూర్వపు సార్థవాహుల సముద్రయానములకంటె ఏ విధమునను తక్కువ ఆశ్చర్యకరము కాదు.

ఈ విషయమును శ్రద్ధతో విచారించినవారిలో చార్లెస్ డార్విన్ అగ్రగణ్యుడు. ఆయన బీగిల్ నౌకపై పయనించుచుండగా, సమీపతీరమునకు 45 మైళ్ల దూరమున, మంచినీటి కుంటలలో నివసించెడి పెంకుపురుగు ఒకటి ఎగిరివచ్చి నౌకపై వ్రాలెను. ఇతరులెవ్వరైనను దానిని చేతితో తోసివేసి తమ పని తాము చూచుకొనియుందురు. ఆయన దానిని గుర్తుంచుకొని, 1859లో ప్రకటించిన తన మహాగ్రంథమున ప్రస్తావించి, గాలి అనుకూలించియున్నచో అది ఇంకెంత దూరము పోయియుండెడిదో యని విస్మయపడెను. ఆ గ్రంథమునందే ఆయన చెప్పిన మరియొక ప్రయోగము కలదు. ఒక చిన్నకుంట అంచున మూడు చోట్లనుండి మూడు గరిటెల బురద తీసి, ఒక కప్పులో నింపి, ఆరు నెలలు తన చదువుగదిలో మూతపెట్టి యుంచి, మొలచిన ప్రతి మొక్కను పెరికి లెక్కింపగా 537 మొక్కలైనవట. నీటిపక్షి కాలికంటిన బురద ఖండాంతరములకు ఏమేమి మోయగలదో చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. మొక్కలకును నత్తలకును బాతుకాలు వాహనమైనను, పురుగులలో ఎక్కువపాలు తమ రెక్కలనే నమ్ముకొనవలసినవి. కనుక ఎవరి రెక్క ఎంత దూరము మోయునన్నది మొదటి ప్రశ్న అగుచున్నది.

ఈ ప్రశ్నకు సమాధానము, ద్వీపములలో ఏ పురుగులున్నవో చూచుటకంటె ఏవి లేవో చూచుటవలన స్పష్టపడును. ఖండముల యేళ్లలో రాళ్ల క్రింద చేయి పెట్టినచో మూడు తెగల పిల్లలు తప్పక దొరకును: రెక్కలు వచ్చిన పిమ్మట నోట ఆహార మంటక ఒకటి రెండు దినములలో గతించెడి మేఫ్లై; చల్లని వడి ఏరును విడిచి దూరము పోనేరని స్టోన్‌ఫ్లై; ఇసుకరేణువులతోను పుడకలతోను ఒడలిచుట్టు గూడు కట్టుకొనెడి కాడిస్ పురుగు. పసిఫిక్ మహాసముద్రపు నట్టనడుమ, సమీపఖండమునకు సుమారు 3,800 కిలోమీటర్ల దూరమున నున్న హవాయి ద్వీపములలో, జలపాతములకును సెలయేళ్లకును కొదువ లేకపోయినను, ఈ మూడు తెగలలో ఒక్కటియు స్వయముగా చేరినది కాదు. ఒక్కదినపు ఆయువుతో అంత సముద్రము దాటుట యెట్లు? చేరినవి వేరు: తూనీగలు, పెంకుపురుగులు, నీటినల్లులు, దోమవంటి సన్నని ఈగలు. ఇందొక సూక్ష్మము కలదు. ఏడాది పొడుగునను ఎండని యేటిలో పుట్టిన పురుగునకు ఇల్లు విడువవలసిన పని లేదు. వానకు నిండి వేసవికి ఎండెడి కుంటలో పుట్టిన పురుగునకు దేశాంతరగమనము తాతతండ్రులనాటి వృత్తి. కావున సముద్రమును దాటగలిగినవానిలో ఎండుకుంటల వంశములవారే పలువురు.

అట్టివానిలో మనకు చిరపరిచితమైన దొకటి కలదు. భాద్రపద ఆశ్వయుజములలో, వాన వెలిసిన సాయంకాలములందు, మన వరిచేలమీదను ఊరి మైదానములమీదను గుంపులు గుంపులుగా తేలియాడెడి పసుపువన్నె తూనీగ, పిల్లలు తోకకు దారము కట్టి యాడించెడి యా తూనీగయే, శాస్త్రజ్ఞులు పాంటాలా ఫ్లావెసెన్స్ అని పేర్కొను జాతి. దాని పిల్ల వానకుంటలో ఆరేడు వారములలోనే పెరిగి రెక్కలు తొడుగుకొనును; కుంట ఎండులోపల ప్రయాణమునకు సిద్ధము. మాల్దీవులలో చిరకాలము నివసించిన సముద్రజీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్, ప్రతి సంవత్సరము అక్టోబరులో ఈ తూనీగలు లక్షలకొలదిగ ఆ ద్వీపములపై దిగుట గమనించి, పగడపు దిబ్బలపై నిలిచెడి మంచినీరు నామమాత్రమై యుండగా ఇవి ఎందుకు, ఎచ్చటనుండి వచ్చుచున్నవని విచారించెను. 2009లో ఆయన ప్రకటించిన వ్యాసము ననుసరించి ఇవి భారతదేశమునుండి బయలుదేరి, వేయి మీటర్ల కెగువను వీచెడి గాలులను పట్టుకొని, మాల్దీవులు సీషెల్స్ మీదుగ తూర్పు ఆఫ్రికా వానలకడకు పోవుచున్నవి. అనగా మన చేలలో చూచెడి తూనీగలలో కొన్ని హిందూమహాసముద్రమును దాటబోవు బాటసారు లనుకొనుటలో అతిశయోక్తి లేదు. కాని ఇన్ని లక్షలు దిగినను అవి మాల్దీవులలో కాపురము పెట్టవు, కొన్నిదినములుండి పోవును. చేరుట వేరు, నిలుచుట వేరు. చేరుటకు కావలసినది రెక్కబలము, సంచారశీలము. నిలుచుటకు కావలసినది ఉన్నచోటు విడువకుండుట. ఒక గుణముతో వచ్చినది దానికి విరుద్ధమైన గుణము నలవరచుకొన్నప్పుడే ద్వీపవాసి యగును. ద్వీపములలోని నీటిపురుగుల చరిత్రమంతయు ఈ వైరుధ్యముపై నడచినదని నా అభిప్రాయము.

దీనికి హవాయికంటె మంచి నిదర్శనము లేదు. ఆ ద్వీపములు ఒక్కనాడు పుట్టినవి కావు. భూగర్భమున ఒకే చోట అగ్నికుండము మండుచుండగా, దానిపై సముద్రపు అడుగుపలక మెల్లమెల్లగా వాయవ్యదిశకు జరుగుటవలన, ఒకదాని వెనుక నొకటిగా ద్వీపములు తలయెత్తి, ముందుకు సాగి, వానకు కోసుకొనిపోయి, తుదకు మునిగిపోవుచున్నవి. నేటి పెద్దద్వీపములలో వయోవృద్ధమైన కవాయ్‌కి సుమారు 50 లక్షల ఏండ్లు. ఆగ్నేయపు కొసనున్న హవాయి ద్వీపమునకు పది లక్షల ఏండ్లు కూడ నిండలేదు. దానిపై నేటికిని కరగిన శిల ప్రవహించుచున్నది. ఈ వరుసకు ఎన్నడో యొకనాడు ఒక సన్నని తూనీగ గాలివాటున వచ్చి చేరెను. మన చెరువుగట్ల జమ్ములో, వ్రాలినప్పుడు రెక్కలు వీపుమీద ముడుచుకొనెడి సూదివంటి తూనీగలుండునే, ఆ తెగది. పెద్ద తూనీగవలె దీనికి రెక్కబలము లేదు; ఒడలి తేలికయే దీని బలము, గాలి యెత్తినచోటికి పోవును. అట్లు వచ్చిన యొక్క పూర్వజననినుండి నేటికి మెగలాగ్రియన్ అను ప్రజాతి, 23 జాతులుగ విస్తరించియున్నది. ప్రపంచమున మరెచ్చటను అది లేదు. జన్యుపరీక్ష చేసినవారు ఈ వంశమునకు రమారమి కోటి సంవత్సరముల వయస్సు కట్టిరి. కవాయ్ వయస్సు అందులో సగమే గదా! అనగా మూలపురుషులు దిగిన గడ్డ నేడు అరిగి మునిగిపోయినది. మునుగుచున్న ద్వీపమునుండి పుట్టుచున్న ద్వీపమునకు, తరతరములుగా, ఈ వంశము వలస వచ్చుచునేయున్నది. పెద్ద సముద్రమును దాటుట ఒక్కసారి జరిగినది; ద్వీపమునుండి ద్వీపమునకు నడిమి చిన్నకడళ్లను దాటుట పలుమార్లు జరిగినది.

వచ్చిన తూనీగకు అచ్చట లభించిన నీరెట్టిది? హవాయి యేళ్లు పొట్టివి, నిట్టనిలువుగా దిగునవి. కొండపై వాన కురిసినచో గడియలో పొంగి, అన్నిటిని ఊడ్చుకొని సముద్రమున పడవేయును. ఖండములలో వలె వెడల్పైన మడుగులు అరుదు. కాని పోటీదారులును అరుదు. ఖండములందు మేఫ్లై పిల్లయు స్టోన్‌ఫ్లై పిల్లయు కాడిస్ పురుగును ఆక్రమించుకొన్న నెలవులన్నియు ఇచ్చట ఖాళీ. కనుక ఈ వంశమువారు కొందరు వడియేటి రాళ్లలో నిలిచిరి. కొందరు జలపాతము ప్రక్కన నీరు జాలువారెడి రాతిగోడకు ఎగబ్రాకిరి. కొందరు పల్లపు మడుగులలో నుండిరి. కొందరు నీటిని సగము విడిచి చెట్టెక్కిరి. ఈ కడపటివారి కాపురము చూడదగినది. కొండమీది చిత్తడియడవులలో, మన మొగలిపొదకు దగ్గరి చుట్టమైన ఇయెఇయె యను తీగ చెట్లపైకి అల్లుకొనియుండును. దాని ఆకు కాడను అంటిన మూల దొన్నెవలె నుండి, వానచినుకును మంచుతుంపరను పట్టుకొని, ఎప్పుడును చెంచాడో గరిటెడో నీరు నిలుపుకొనును. క్రుళ్లిన ఆకుముక్కలు అందులో బడి నల్లని చిత్తడి యగును. ఆ గరిటెడు నీటిలో, రెండు మూడు వ్రేళ్లు దూరని ఆ సందులో, మెగలాగ్రియన్ పిల్ల పెరుగుచున్నది. ఏటిలో పెరుగు దాయాదులకు తోకకొసను మూడు మొప్పలు ఆకులవలె పలుచగా విశాలముగా నుండగా, దీనికవి కురచబారి, దట్టమై, రోమములతో నిండియున్నవి. దీనిని చూచినవారు నీటిలో ఈదుటకంటె తడి అంచులవెంట ప్రాకుటయే దీనికి సుఖమని గ్రహింతురు. పొంగివచ్చిన వరద ఆకుమూలకు అందదు గదా!

ఇంకొక అడుగు వేసినవారును కలరు. ఒవాహు ద్వీపమున, ఉలుహె యను ఫెర్న్ మొక్క కొండవాలుల నాక్రమించి మోకాటిలోతున చిక్కగా అల్లుకొనును. దాని క్రింద ఏళ్లతరబడి రాలిన యెండాకు పేరుకొని, పైన ఎండినను అడుగున ఎల్లప్పుడు తేమగా నుండును. మెగలాగ్రియన్ ఒవాహుయెన్సీ అను జాతిపిల్ల, ఆ రాలినాకులోనే పెరుగుచున్నది. మడుగు లేదు, ఏరు లేదు, ఆకుదొన్నెయైనను లేదు. తూనీగలలో ఇట్లు పూర్తిగా నేలపై పెరుగుజాతి బహు అరుదు. మొప్పలు గలిగి, నీటిని విడిచి, చెత్తలో వేటాడుచు రెక్కలకొరకు ఎదురుచూచెడి ఈ పిల్లను తలచినపుడు, మెట్టమెట్టుగా ఏటినుండి రాతిగోడకు, రాతిగోడనుండి ఆకుమూలకు, ఆకుమూలనుండి తడినేలకు ఎక్కుటకు తోవ యున్నదని తోచును. అయితే ఏ జాతి ఏ మెట్టునుండి ఎక్కెనన్న వివాదము పండితులకు విడిచెదము.

విచిత్రమేమనగా, ఇచ్చటనే దీనికి విపర్యయమును జరిగినది. హైపోస్మోకోమా యను చిమ్మటల వంశమున, పట్టుగూడు మోయుచు నేలపై తిరుగవలసిన గొంగళిపురుగులు కొన్ని, వడియేళ్లలోనికి దిగి నీటి అడుగున రాళ్లకు దారముతో తమ్ము కట్టుకొని బ్రతుకుచున్నవి; గట్టుపైనను అట్లే బ్రతుకగలవు. వానికి మొప్పలు లేవు. ప్రవాహమున కరగియున్న ప్రాణవాయువును చర్మముతోనే గ్రహించునట్లు తోచుచున్నది, నిలిచిన నీటిలో మునిగి బ్రతుకజాలవు. 2010లో వెలువడిన పరిశోధన ప్రకారము ఈ ఉభయచరత్వము ఆ వంశమున ఒక్కసారి కాదు, వేర్వేరుగా కనీసము మూడుసార్లు పుట్టినది. కాడిస్ పురుగు రాని యేటిలో గొంగళిపురుగు గూడు కట్టుకొనెను.

ఈ సంగతులు లోకమునకు తెలిసిన వైనమును కొంత చెప్పుకొనదగినది. 1876 మొదలు 1882 వరకు హోనలూలులో మతాచార్యుడుగా నుండిన థామస్ బ్లాక్‌బర్న్ తీరికవేళల పురుగులు పోగుచేసి ఇంగ్లండునకు పంపెను. అవి అచ్చటి పండితులకు కన్ను తెరపించినవి. 1892లో రాబర్ట్ సిరిల్ లేటన్ పెర్కిన్స్ అను యువకుడు, ద్వీపముల జంతుజాలమును సేకరించుటకు పండితసంఘములచే నియుక్తుడై వచ్చి, సంవత్సరములతరబడి ఆ చిత్తడికొండలలో గుడారములు వేసికొని, పెక్కుమారులు ఒంటరిగ, వానలో నానుచు తిరిగెను. డేవిడ్ షార్ప్ సంపాదకత్వమున 1899 మొదలు 1913 వరకు వెలువడిన ఫానా హవాయియెన్సిస్ సంపుటములకు ఆయన చెమటయే ముఖ్యాధారము. పిమ్మట చెరకుతోటల యజమానుల పరిశోధనశాలలో పనిచేసిన ఫ్రాన్సిస్ విలియమ్స్, 1936లో నీటిపురుగుల జీవితచర్యలపై వివరమైన వ్యాసముల ప్రకటించెను. చెరకుకు పట్టిన పురుగులను చంపు ఉపాయములు వెదకవలసిన ఉద్యోగి, ఏ కాణీ లాభము లేని తూనీగపిల్లల కింత కాలము వినియోగించుట ముచ్చట గొలుపును.

ద్వీపవాసము ఇతరచోట్ల మరియొక తీరుగ పనిచేసినది. చిలీ తీరమునకు 3,500 కిలోమీటర్లకు మించిన దూరమున, చెట్లు కరవైన ఈస్టర్ ద్వీపమున నున్న తూనీగ ఒక్కటియే. అదియు మన వరిచేల పాంటాలాయే. అచ్చటి అగ్నిపర్వతముల గుంటలలోని మడుగులలో అది సంతానము కనుచున్నది. ప్రపంచమంతట మింటికెగసి గాలికి ఒడ్డుకొనెడి యా జాతి, అచ్చట నేలకు దగ్గరగ ఎగురుచు, సూర్యుని మబ్బు కప్పగనే వ్రాలిపోవుచున్నదని పరిశీలకులు చెప్పిరి; దాని వన్నెయు నలుపెక్కినది. ఎగసినది సముద్రము పాలగును గనుక ఎగయనివే మిగిలినవనుట ఊహింపదగినదే. అట్లాంటిక్‌లోని అజోర్స్ ద్వీపములలో ఇంకను వింత: అమెరికాలో ఆడ మగ కలసి జీవించెడి ఇష్నూరా హస్టాటా యను సన్నతూనీగ, అచ్చట ఆడుదిగ మాత్రమే కలదు, మగదాని సాయము లేకయే గ్రుడ్లు పెట్టి, ఆ గ్రుడ్లనుండి ఆడుపిల్లలనే కనుచున్నది. తూనీగల కులమంతటిలో ఇట్టిది మరియొకటి తెలియలేదు. ఒంటరిగ చేరిన యాడుదానికి ఇంతకంటె అనువైన ఉపాయ మేమున్నది?

ఇంతవరకు రెక్కలతోను గాలితోను జరిగిన వలసల చరిత్ర. పదునెనిమిదవ శతాబ్ది చివర హవాయికి ఓడలు రాసాగినవి. గాలి లక్షల ఏండ్లకు ఒకమారు చేయు పనిని ఓడ ఒక్క మధ్యాహ్నమున చేయును. 1826లో వెల్లింగ్టన్ అను ఓడ, మెక్సికో తీరపు సాన్ బ్లాస్ నుండి మౌయీ ద్వీపపు లహైనా రేవునకు రాగా, మంచినీరు నింపుకొనబోవుచు, నావికులు పీపాలలోని పాతనీటిని అచ్చటి యేటిలో కడిగిపోసిరి. అందు దోమపిల్ల లుండెను. అంతకుముందు ఆ ద్వీపములలో దోమయే లేదు. చెవికడ రొదచేయు క్రొత్త ఈగయేదో వచ్చినదని స్థానికులు మతాచార్యులతో మొరపెట్టుకొనిరి. ఆ దోమ మనకు క్రొత్తది కాదు. మన కోస్తాజిల్లాలలో తరతరములుగ బోదకాలు వ్యాపింపజేసిన క్యూలెక్స్ దోమయే. హవాయిలో అది పట్టినది మనుష్యుల కాళ్లను కాదు, అడవిపిట్టలను. పక్షులకు వచ్చు మలేరియాను మోసి, పల్లపుటడవులలోని దేశీయపక్షులను చాలవరకు నిర్మూలించెను. దోమను అణచుటకు 1905లో టెక్సస్ నుండి గంబూసియా చేపలను తెచ్చి కుంటలలో వదలిరి. మన మునిసిపాలిటీలు నేటికిని మురుగుకుంటలలో వదలుచున్న చేపయే యిది. చేపకు దోమపిల్ల యేదో తూనీగపిల్ల యేదో విచక్షణ యెక్కడిది? కోటి ఏండ్లుగ ఇట్టి శత్రువు నెరుగని పల్లపు తూనీగపిల్లలు, దాగవలెనన్న బుద్ధియైనను లేక, దానికి ఆహారమైనవి. చెరకుతోటలకు ఏళ్లను మళ్లించిన కాలువలు మిగిలిన నీటిని హరించినవి.

పెర్కిన్స్ కాలమున హోనలూలు తోటలలోను పల్లపు ప్రాంతములలోను సర్వసాధారణముగ కనబడిన మెగలాగ్రియన్ జాంథొమెలాస్ అను ఎఱ్ఱని సన్నతూనీగ, కొన్ని దశాబ్దములలో ఒవాహు ద్వీపమునుండి పోయినదనియే తలచిరి. 1990ల దశాబ్దిలో అది తిరిగి కనబడినది అడవిలో కాదు; ట్రిప్లర్ సైనికాసుపత్రి ఆవరణమున పారెడి, నూరు గజములు మాత్రము గల యొక వాగుతునకలో. ఆ వాగున చేపలు లేవు; అదియే దాని అదృష్టము. నీరు తగ్గినపుడు గొట్టముతో నీరు పెట్టి ఆ తునకను బ్రతికించుచు వచ్చిరి. 2016లో ఆ జాతిని అంతరించు ప్రమాదమున నున్నవాని పట్టికలో చేర్చిరి. ఆకుమూలలలోను రాలినాకులలోను కాపురమున్న కొండజాతులను చేప యెన్నడు అందుకొనలేదు. కాని అచ్చట అడవిపందులు నేలను పెళ్లగించి, చెట్టుమొదళ్లను త్రవ్వి, చీమలు పిల్లల నేరికొనుచు, మరియొక విధమున వెంటబడినవి. హవాయి అడవులకు చీమయు పందియు రెండును మనుష్యుల వెంట వచ్చినవే. ఇప్పుడు ప్రయోగశాలలలో జాంథొమెలాస్ గ్రుడ్లను పొదిగించి, పిల్లలను గిన్నెలలో వేర్వేరుగ పెంచి, రెక్కలు వచ్చినవానిని ఒవాహులోని క్రొత్త తావులకు కొనిపోయి వదలుచున్నారు. వదలుటకు ముందు వారు నీటి లోతునుగాని చెట్లనీడనుగాని మొదట విచారింపరు. ఆ తావున చేపలున్నవో లేవో చూచెదరు.